మహారాణి గుండె చప్పుడు

ఆ ఉదయం ఇంట్లో ఎవరి పని వారికి ముందురోజే ఖరారైపోయింది. భర్త ఆసుపత్రికి వెళ్ళి, కంటి ఆపరేషన్ చేయించుకున్న తండ్రిని మధ్యాహ్నానికల్లా ఇంటికి తీసుకురావాలి. అత్తగారు ముందుగది సర్దించాలి. కోడలు వాచీలకు కీ ఇవ్వాలి. సాయంత్రం మామగారి వాచీల సంఘం వాళ్ళు వస్తారు.

వీటిలో చివరి పనే అన్నిటికంటే బరువైనది. మామగారు అరుదైన పాత చేతివాచీలు సేకరిస్తారు. రోజూ స్నానం కాగానే పెట్టె తెరిచి, ఒక్కొక్కదానికీ కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, తల పంకించి, మళ్ళీ మఖమల్ గుడ్డ మీద పడుకోబెడతారు. అంతసేపూ వంటింట్లో మిక్సీ వేయకూడదు. ఆ పెట్టె తాళంచెవి ఆయన కన్నకొడుకు చేతికి కూడా ఏనాడూ ఇవ్వలేదు. అలాంటిది ఆసుపత్రికి బయల్దేరుతూ కోడలి చేతిలో పెట్టారు.

"నువ్వు మందుల కౌంటర్లో పనిచేసేదానివి. చెప్పింది చెప్పినట్టు చేస్తావు. కీ ఇవ్వు, పెట్టెలో పెట్టు. అంతే" అన్నారు.

కాపురానికి వచ్చాక మామగారి నోట ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది. పైకి ఏమీ అనలేదు గానీ, ఆ తాళంచెవిని మెడలో గొలుసుకు తగిలించుకుని తిరిగింది. "నలభై ఏళ్ళొచ్చినా నన్ను ఆ గదిలో తుమ్మనివ్వలేదు" అని భర్త సణుగుతూనే ఉన్నాడు.

వాచీలన్నీ బుద్ధిగా నడిచాయి. చివర, మామగారు మహారాణి అని పిలుచుకునే వాచీ వంతు వచ్చింది. ఓడ అధికారుల కోసం ఏనాడో కొద్దిగా మాత్రమే తయారైన రకం అది. ఒకప్పుడు తెల్లగా ఉన్న దాని ముఖం ఎండకు మాగి మాగి గోధుమరంగుకు తిరిగింది. ఆ రంగు కోసమే లోకంలో వాచీలు సేకరించేవాళ్ళు ప్రాణం పెడతారనీ, ఆ ముఖం మీద మనిషి చెయ్యి పడితే దాని పరువు పోతుందనీ మామగారు భోజనాల దగ్గర చెబుతూ ఉంటారు. ఆమె దానికి జాగ్రత్తగా కీ ఇచ్చింది. ఆయన చెప్పకపోయినా, ఆయన చేసినట్టే చేయాలని చెవి దగ్గర పెట్టుకుంది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అత్తయ్యా, మహారాణిని చంపేశాను!"

అత్తగారు చీపురు చేత్తోనే పరుగెత్తుకొచ్చి, తనూ చెవి పెట్టి విని, కుర్చీలో కూలబడ్డారు. "గట్టిగా తిప్పావా?"

"మెల్లగానే తిప్పాను. పోనీ, మామయ్యగారికి ఫోన్ చేసి చెప్పేస్తాను."

"కంటికి కట్టుంది. ఏడవకూడదని డాక్టరు మరీ మరీ చెప్పారు" అన్నారు అత్తగారు. ఆ మాటతో నిజం చెప్పే దారి మూసుకుపోయింది.

వీధి చివర వాచీలు బాగుచేసే షాపు ఉంది. ఇద్దరూ మహారాణిని అక్కడికి తీసుకెళ్ళారు. ఆ మనిషికి మాటలెక్కువ, పని అంతకంటే చురుకు. ఆయన వాచీ వెనక మూత తీసి చూసి, "వదిలేసి వెళ్ళండి, గంటలో ప్రాణం పోస్తా" అన్నాడు. వాళ్ళు ఇంటికెళ్ళి, నాలుగు కుర్చీలు సర్ది, తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. వాచీ టిక్కు టిక్కుమంటోంది. కానీ దాని ముఖం కొత్త పళ్ళెంలా తెల్లగా మెరుస్తోంది.

"లోపలి మిషన్‌కి విడిభాగాలు దొరకవు మేడమ్. అది తీసేసి బ్యాటరీ మిషన్ పెట్టా. ఇక కీ బాధే లేదు. ముఖం మరీ మాసిపోయి ఉంటే కడిగి రంగేశా, అంకెలు దిద్దా. అది ఫ్రీ" అన్నాడు ఆయన ఆనందంగా. పాత మిషన్‌ని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

కోడలు ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క మనిషి తనను నమ్మి ఒక్క పని అప్పగిస్తే, ఒక్క పూట కూడా నిలుపుకోలేకపోయింది.

తేరుకున్నది ముందు అత్తగారే. "బాబూ, ఆ ముఖం ఊడదీయి. పక్క కొట్లోంచి టీ తెప్పించు."

మొదట వచ్చినది పాల టీ. పనికిరాలేదు. రెండోసారి పాలూ పంచదారా లేని చిక్కటి నల్ల టీ వచ్చింది. ఆ లోకప్రసిద్ధమైన ముఖాన్ని పట్టకారుతో గాజుగ్లాసులోకి దించి, ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కోడలు మందు కలిపే శ్రద్ధతో గ్లాసునే చూస్తోంది.

"తీసేద్దామా?" అన్నాడు షాపాయన.

"ఇంకాస్త నాననివ్వు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నా ముఖం కంటే దీని ముఖమే ఎక్కువ చూశారు. ఆ రంగు నాకు తెలీదా?" అన్నారు అత్తగారు.

రంగు కుదిరింది. ఒక పక్కన కాస్త ఎక్కువే కుదిరింది.

సాయంత్రం నల్లకళ్ళజోడుతో మామగారు ముందుగదిలో కూర్చున్నారు. ఎదురుగా సంఘంలోని మిగతా ఇద్దరు సభ్యులు, రిటైర్డ్ జడ్జిగారూ, పళ్ళ డాక్టరుగారూ. ఏటేటా జరిగినట్టే పెట్టె తెరుచుకుంది. మహారాణి బయటికొచ్చింది. మామగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. తల పంకించలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది, ముఖం పాలిపోయింది. జడ్జిగారికి అందించారు. ఆయన విని, బ్యాటరీ వాచీలా ముల్లు గెంతుతూ నడవడం చూసి, డాక్టరుగారికి ఇచ్చారు. డాక్టరుగారు విని, ఎందుకో ముక్కు దగ్గర కూడా పెట్టుకున్నారు. గుమ్మం పక్కన కోడలు గోడకు అంటుకుపోయి నిలబడింది.

"అమ్మాయ్, ఒకసారి లోపలికి రా" అన్నారు మామగారు.

లోపలి గదిలో ఆమె పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "తప్పంతా నాదే మామయ్యగారూ. పొద్దున కీ ఇచ్చాను, ఆగిపోయింది. బ్యాటరీ పెట్టారు. రంగు... టీలో ముంచాం."

"ఆగిపోలేదమ్మా. అది ఎన్నడూ నడవలేదు."

ఆమె తలెత్తింది.

"కొన్న రోజునే సంఘంలో గొప్పలు చెప్పుకున్నా. ఇంటికొచ్చి కీ ఇస్తే కదల్లేదు. విప్పిస్తే దాని పరువు పోతుంది, చెబితే నా పరువు పోతుంది. అప్పట్నుంచి రోజూ కీ ఇస్తున్నా, వింటున్నా, తలూపుతున్నా. మీ ఆయనకి తాళంచెవి ఇస్తే ఊరంతా చాటేస్తాడు. నువ్వైతే చెప్పినంతే చేసి ఊరుకుంటావనుకున్నా. చెవి పెడతావని నాకేం తెలుసు?" ఆయన పొట్లాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఇన్నేళ్ళు ఒక్కణ్ణే మోశానమ్మా."

ఆమెకు పొద్దుటినుంచి పట్టిన భయమంతా జాలిగా మారిపోయింది. గొలుసు నుంచి తాళంచెవి తీసి ఇవ్వబోయింది. ఆయన పుచ్చుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. ఇప్పుడు నా గుట్టు కూడా నీ దగ్గరే ఉందిగా" అన్నారు.

అతిథులను సాగనంపడానికి ఆమె వాకిటిదాకా వెళ్ళింది. జడ్జిగారు వెనక్కి చూసి, డాక్టరుగారు ముందుకెళ్ళారని రూఢి చేసుకుని గొంతు తగ్గించారు.

"అది నడవదని నాకు మొదటి ఏడాదే తెలుసమ్మా."

"మరి ఎన్నడూ ఆ మాట అనలేదేం బాబాయిగారూ?"

"మా ఇంటికొచ్చినప్పుడు మావి విని మీ మామగారూ ఏమీ అనలేదు కదా!" అని, జడ్జిగారు కాసేపు తన చేతికర్ర వంక చూసుకున్నారు. "దానికి బ్యాటరీ వేసిన షాపు ఎక్కడమ్మా?"

మర్నాడు పాత మిషన్‌కి ఎలాగైనా ప్రాణం పోయించాలని కోడలు మామగారిని ఆ షాపుకు తీసుకెళ్ళింది. బెంచీకి ఒక చివర జడ్జిగారు, రెండో చివర డాక్టరుగారు, ఒళ్ళో చెరో చిన్న పొట్లం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మామగారు ఒక్క క్షణం ఆగి, వెళ్ళి మధ్యలో కూర్చున్నారు.

సంఘం పెట్టాక సభ్యులందరూ ఏకగ్రీవంగా చేసిన మొదటి పని అదే: ఎవరూ ఎవరినీ చూడలేదు.