గవ్వలపేటకు గుర్తింపు

మానవుల ఊహాశక్తిని క్రమబద్ధీకరించే మహాకార్యం ఎట్టకేలకు పూర్తయింది. అది ఢిల్లీలోనో భువనేశ్వర్‌లోనో జరిగిందనుకుంటే పొరపాటు. బరంపురంలో, టీచరు హేమ ఇంటి మేడమీద గదిలో, ఆదివారం సాయంత్రాల్లో జరిగింది.

ఆ గదిలో ఆడేది పాచికల ఆటే గాని, పందేలు ఉండవు. 'ఏడు లంగర్ల రాజ్యం' అని పన్నెండు భాగాల నవల ఒకటుంది. ఆ రాజ్యంలో మనిషికో వేషం కడతారు. హేమ కథ నడుపుతుంది. వేషగాడు కొట్టిన దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది. చిన్నపిల్లలకైనా అర్థమైపోయే ఆట. తాసీల్దారు ఆఫీసులో రిటైరైన విశ్వనాథ్‌గారు వచ్చి చేరాక పెద్దలకు కూడా అర్థం కాకుండా పోయింది.

ఆయనది ఖడ్గవీరుడి వేషం. (ఖడ్గం ఇంతవరకూ ఒరలోంచి రాలేదు, తీసే అధికారం ఎవరిదో తేలలేదు.) వచ్చీ రాగానే 'మూలగ్రంథ అనుసరణ కమిటీ' పెట్టి, తానే అధ్యక్షుడై, తన పాత గుమాస్తా ప్రకాష్‌ను కార్యదర్శిని చేశారు. పుస్తకంలో లేనిది ఆటలో ఉండకూడదు. ఉండాలంటే అర్జీ పెట్టుకోవాలి, అదీ సర్కారు భాష ఒడియాలో. (ఏడు లంగర్ల రాజ్యంలో ఒడియా లేదు కదా అని అడిగితే, ఆ అడిగేదేదో కూడా ఒడియాలోనే రాసిమ్మన్నారు.)

హేమ ఇవన్నీ ఓర్చుకున్నది గవ్వలపేట కోసం. రాజ్యం పటంలో తీరాన ఖాళీగా ఉన్న చోట ఆమె పెట్టుకున్న ఊరది. మార్కండి అనే బెస్తపల్లెలో పుట్టిన అమ్మమ్మ చెప్పిన వలలు, తెప్పలు, తిట్లు, ఎండుచేపల వాసన అన్నీ తెచ్చి అందులో పోసింది. అమ్మమ్మ పోయాక ఆ మాటలు బతికున్న చోటు అదొక్కటే, ఆ ఊరంటే హేమకు ప్రాణం. కాలేజీలో చదివే అక్క కూతురు స్పందన ఆ ఊళ్ళో వల లాగే సీతాలు వేషం కట్టి, ముందుగా తిట్లన్నీ నేర్చేసుకుంది.

ఒక ఆదివారం సముద్రపు దొంగలు గవ్వలపేట మీదికొచ్చారు.

"రండి బాబూ, ఊరు కాల్సేత్తన్నారు!" అని సీతాలు ఖడ్గవీరుణ్ణి పిలిచింది.

విశ్వనాథ్‌గారు తాపీగా అప్పడం విరిచారు. "ఏ ఊరమ్మా? పుస్తకంలో నేదు."

"మరి దొంగలో?" అంది హేమ.

"ఆళ్ళు ఐదో భాగంలో ఉన్నారు. ఆళ్ళకి అర్హతుంది, నీ ఊరోళ్ళకే నేదు. ఏటంటే, నేనా ఊరిని కాపాడేననుకో, రేపు ఆడిట్‌లో ఏటి సెప్పాలి?"

హేమకు ఒళ్ళు మండింది. అయినా అర్జీ పెట్టుకుంది. వారం వారం ప్రకాష్ "కాలి ఆసంతు" అన్నాడు, రేపు రమ్మని. (రావలసింది ఆమె ఇంటికే.) దొంగలు, పాపం, ఆ వారాలన్నీ కాగడాలు పట్టుకుని ఒడ్డునే నిలబడ్డారు.

చివరికొక సాయంత్రం ప్రకాష్ నాలుగో భాగం పట్టుకుని, "దొరికిపోనాది సార్!" అని కేకేశాడు. అందులో ఒక వాక్యం ఉంది: 'ఆ తుపానుకు తీరాన పేరులేని పల్లెలెన్నో కొట్టుకుపోయాయి.'

విశ్వనాథ్‌గారు కళ్ళజోడు సర్దుకుని చదివి, ఆ పల్లెల్లో గవ్వలపేట ఒకటని అక్కడికక్కడే తీర్మానించారు. హేమ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పరుగున వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. స్పందన దొంగల పని పడదామని పాచికలు గలగలలాడించింది.

"ఆగమ్మా. దొంగలేటి? ముందు తుపాను గదా," అన్నారు విశ్వనాథ్‌గారు.

హేమ ఆయనకివ్వబోయిన టీ కప్పు వెనక్కి తీసుకుంది. (తుపానొచ్చాకే ఊరి పేరు బయటికి రావడం ఈ తీరానికి కొత్తేమీ కాదు.)

"సీతాలుకి ఈతొచ్చు తాతగారూ! పాచిక ఎయ్యనివ్వండి, అందర్నీ తెప్పలెక్కించి తీసికెళ్ళిపోతాను," అంది స్పందన.

"కొట్టుకుపోయేయని అచ్చులో ఉంటే మళ్ళీ పాచికెందుకమ్మా?"

"ఒక్కసారి వెయ్యనివ్వండి బాబూ," అంది హేమ. కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా అమ్మమ్మ మాటలతో కట్టుకున్న ఊరది."

ప్రకాష్ అప్పటికే తల దించుకుని గవ్వలపేటలో అందరికీ మరణ ధ్రువపత్రాలు రాస్తున్నాడు. మొదటిది సీతాలుది. విశ్వనాథ్‌గారు ఒక్కోటీ చదివి, సంతకాలు చేసి, కట్ట హేమ వైపు ప్రేమగానే జరిపారు.

"ఏడవకమ్మా, నీ పని అయిపోనాది. ఇంక గవ్వలపేట అనే ఊరు నేదని ఎవుడూ అనలేడు."