వేలు తీస్తే వీధంతా పెట్రోలే

కారుకు ఫ్యూయల్ ఫిల్టర్ తానే బిగించాలని లెక్కల టీచరమ్మ ఆ ఉదయం కాఫీ తాగుతూ తీర్మానించుకుంది. కారు ఆమె తండ్రిది, వయసులో ఆమెకంటే పెద్దది. ట్యాంకులో తుప్పు రాలి పెట్రోలుతోపాటు ఇంజనులోకి పోతోంది. అందుకే నాలుగు వీధులు తిరిగేసరికి మొరాయిస్తోంది. పెట్రోలు వచ్చే గొట్టం మధ్యలో ఒక ఫిల్టర్ పెడితే తుప్పు అక్కడే ఆగిపోతుంది. ఇంతమాత్రానికి కారునే అమ్మేద్దామని భర్త కొన్నాళ్లుగా నస పెడుతున్నాడు.

"బేరగాడు ఈ పూటే వస్తానన్నాడు," అన్నాడాయన పేపరు చాటునుంచి.

"రానివ్వండి. కారు కింద నా కాళ్లు చూసి వెళ్లిపోతాడు."

"నీకెందుకే మెకానిక్కు పని?"

"మా నాన్న కారు. నా చేతులు. మధ్యలో మీకేం నొప్పి?"

ఆమె భర్త పాత చొక్కా ఒకటి తొడుక్కుని, దుప్పటి పరిచి, కారు కిందికి దూరింది. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టాన్ని కత్తితో కోసింది. కోసేముందు దాన్ని నొక్కి కట్టేయాలన్న సంగతి, పెట్రోలు ధారగా మోచేతిమీద పడ్డాక గుర్తొచ్చింది. చటుక్కున బొటనవేలు అడ్డంపెట్టింది. ఆ కంగారులో కాలు తగిలి, కొత్త ఫిల్టరూ క్లిప్పులూ ఉన్న డబ్బా దొర్లుకుంటూ గేటు దాకా పోయింది.

"ఏమండీ! కోసేశాను! వేలు తీస్తే కారిపోతోంది! క్లిప్పు తెండి!"

సూది చూస్తేనే కళ్లు తిరిగే మనిషికి ఆ మాత్రం చాలు. వేలు తెగి రక్తం కారుతోందనుకుని ముందు అంబులెన్సుకు ఫోను చేశాడు. తర్వాత ఇల్లంతా వెతికి, ఆమె జడక్లిప్పు తెచ్చి కారు కిందికి చాచాడు.

"ఇదెందుకండీ? నా జుట్టుకేమైందని?"

"నువ్వే కదా అడిగావు!"

"పోనీ, ఫిల్టరైనా అందించండి!"

ఆయన వంటింట్లోకి పరుగెత్తి మంచినీళ్ల ఫిల్టరును రొప్పుతూ మోసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బేరగాడి బూట్లు కనిపించాయి.

"అమ్మకానికి పెట్టింది ఈ కారేనాండీ?"

"ఈ కారు అమ్మేది లేదు!" కిందినుంచి గర్జన. "దగ్గరికి రాకండి! నేను వేలు తీశానంటే వీధంతా పెట్రోలే!"

ఆమె చెప్పింది జాగ్రత్త. ఎదురింటి పిన్నిగారికి వినిపించింది బెదిరింపు. పైగా గాలిలో వాసన. పిన్నిగారు ఫైర్ స్టేషనుకు ఫోను చేసి, వీధిని తగలబెట్టబోతున్నారని చెప్పింది.

కాసేపటికి ఆ చివరనుంచి అంబులెన్సు, ఈ చివరనుంచి ఫైరింజను వచ్చి ఇంటిముందు ముక్కూ ముక్కూ ఆనించి ఆగాయి. ఫైరింజను పెద్దాయన మోకాళ్లమీద కూర్చుని బుజ్జగింపుగా అడిగాడు.

"అమ్మా, తొందరపడకండి. మీ కోరికలేమిటో చెప్పండి."

"ఒక్కటే కోరిక. గేటు దగ్గర డబ్బా ఉంది, ఇటు తోయండి. తోసి దూరంగా జరగండి!"

ఆయన తోశాడు. ఆమె ఫిల్టర్ మీది బాణం గుర్తును ఇంజనువైపు తిప్పి, గొట్టం రెండు కొసలూ తొడిగి, క్లిప్పులు బిగించి, మసి మొహంతో బయటికొచ్చింది. ఫైరింజనువాళ్లు ఒలికిన పెట్రోలును నీళ్లతో కడిగేశారు. కారు ఒకసారి దగ్గి, రెండోసారి హాయిగా మోగింది.

"డొక్కు కారైనా గొంతు బాగుంది," అన్నాడు బేరగాడు.

"డొక్కంటావేమయ్యా?" భర్త విరుచుకుపడ్డాడు. "మా మామగారి కారు! అమ్మేది లేదని ఆవిడ చెప్పాక ఇంకా ఎందుకు నిలబడ్డావ్?"

టీచరమ్మ ఆయనవైపు వింతగా చూసింది.

అంబులెన్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఫైరింజను మాత్రం ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. డ్రైవరు సిగ్గుతో దిగాడు.

"ఫిల్టర్ మూసుకుపోయిందమ్మా. మార్చమని మొత్తుకుంటున్నా ఎవరూ వినరు."

"వాళ్లు వినేదాకా ఆగుతారా ఏమిటి? ఎక్కండి, కొట్టుకెళ్లి తెచ్చుకుందాం. మనమే బిగిద్దాం."

హెల్మెట్లతో సహా దళమంతా ఎక్కేసరికి కారులో సీట్లు నిండిపోయాయి. ఆ పూట భర్త ఇంటికీ, ఫైరింజనుకూ కలిపి కాపలా కాశాడు.