వర్తూరు ద్వీపానికి చేపల వేటలో శిక్షణ

బెంగళూరుకు సముద్రం లేదన్న చిన్న కారణంతో సముద్ర సేవ ఆగిపోకూడదని పెద్దలు ఏనాడో తీర్మానించారు. అందుకే మహదేవపురలో ఒక గాజు భవనం పై అంతస్తున, ద్వీపాల్లోని మత్స్యకారులకు పర్యావరణం చెడకుండా చేపలు పట్టడం నేర్పే సంస్థ వెలిసింది. దాని గోడకు ఒక తెడ్డు వేలాడుతుంటుంది. అది ఇంతవరకు తడిసి ఎరగదు.

అక్కడ కొత్తగా చేరిన శిక్షకుడు మునిరాజు. ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ అతనిదే. తండ్రి పెద్దమునియప్ప వర్తూరు చెరువులో చేపలు పట్టి చదివించాడు. వానాకాలం ముగిసేలోగా ఒక ద్వీపానికి శిక్షణ ఇస్తేనే ఉద్యోగం ఖాయమని డైరెక్టర్ శశికళ గారు సెలవిచ్చారు.

"మేడం, ద్వీపానికి టికెట్టు..."

"విమానం పొగ వదులుతుంది మునిరాజూ. మన పాలసీ ఒప్పుకోదు. లోకల్‌గా ఒక ద్వీపం చూసుకోండి."

ఇంటికొస్తే తండ్రి వల ఆరేస్తూ నవ్వాడు. "చేపలు పట్టేది నేర్పిస్తావంటనే! నాకూ నేర్పప్పా, చూస్తాం."

"నువ్వు గట్టున ఉండావు నాయనా. ద్వీపంలో ఉండేవాళ్ళకే."

మునిరాజు మొర ఆకాశం ఆలకించింది. ఆ వారం కురిసిన వానకు, వర్తూరు చెరువుకు వాన నీళ్ళు మోసే రాజకాలువను పూడ్చి ఎంతో శ్రద్ధగా కట్టిన ఒక విల్లాల లేఅవుట్‌ను నీళ్ళు చుట్టుముట్టాయి. నాలుగు వైపులా నీరున్న భూభాగమే ద్వీపమని మునిరాజు బడిలో చదివాడు. చదివినదాన్ని నమ్మే అలవాటు అతనికింకా పోలేదు. పైగా సెల్లార్‌లో, ఒక ఖరీదైన కారు కింద, జెల్ల చేప కాపురం పెట్టింది. ద్వీపమూ ఉంది, చేపా ఉంది. ఇక కావలసింది మత్స్యకారులే.

"బ్రో, మేం ఫిషర్‌మెన్ ఏంటి? డెలివరీ రావట్లేదు, అదీ ఇష్యూ," అన్నాడు అసోసియేషన్ అధ్యక్షుడు గిరిధర్, బాల్కనీలోంచి.

"సర్టిఫికెట్ ఇస్తాం సార్."

సెల్లార్ మెట్ల మీద క్యూ ఏర్పడింది.

శిక్షణ దిగ్విజయంగా సాగింది. చిన్న చేపలు తప్పించుకునేలా పెద్ద కన్నుల వల వాడాలని మునిరాజు బోధించగా, ద్వీపవాసులు బ్యాడ్మింటన్ నెట్ తెచ్చారు. ఒక్క చేపా పడలేదు. అంతకు మించిన పర్యావరణ స్పృహ ఎక్కడా చూడలేదని శశికళ గారు కంటతడి పెట్టుకున్నారు. జెల్ల గుడ్లు పెట్టే కాలమని కారు కదిలించడం నిషేధించారు. కారు యజమాని ఆఫీసు ఆనందంగా ఇంటి నుంచే పనికి అనుమతించింది.

పూడ్చిన కాలువను తవ్వడానికి జేసీబీ వచ్చినప్పుడు సర్టిఫికెట్ విలువ తెలిసింది. గిరిధర్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉపన్యసించాడు: "మేము గంగమ్మ బిడ్డలం! ఈ నీరే మా బతుకు! తరతరాల మా వృత్తిని పెకలించకండి!" అతను విల్లా కొన్నది నిరుడు. అధికారులు మనసు కరిగి, బలహీన వర్గాల జోలికి రాకూడదని జేసీబీని వెనక్కి తిప్పారు. నీళ్ళు అక్కడే ఉండిపోయాయి. చెరువుకు చేరవలసినవి అవే.

మునిరాజు ఉద్యోగం ఖాయమైంది. మర్నాడే మొదటి బాధ్యత అప్పగించారు. శిక్షణ లేని వ్యక్తి ఎవరో చెరువు గట్టున వల వేసి తమ జీవనోపాధికి ముప్పు తెస్తున్నాడని ద్వీపవాసుల ఫిర్యాదు. మునిరాజు కర్తవ్యం తప్పే మనిషి కాదు. గట్టుకు వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాడు.

"నాయనా, వల ఎత్తేయాలంట."

పెద్దమునియప్ప కొడుకు మెడలోని కొత్త ఐడీ కార్డు చూశాడు. "ఉద్యోగం గట్టి పడిండాదా?"

"పడిండాది."

"వాళ్ళేమో కాలువలో ఇండ్లు కట్టుకునుండారు, నేను గట్టున కూర్చోనుండాను. తప్పు నాదేలే," అంటూ వల చుట్టేశాడు.

పాఠకులు దిగులు పడనక్కరలేదు. మీ ఇల్లు ఏ కాలువ మీద ఉందో మీకు తెలియకపోయినా, వచ్చే వానకు నీళ్ళే వచ్చి చెబుతాయి. మునిరాజు సర్టిఫికెట్లతో సిద్ధంగా ఉన్నాడు. నెట్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.