గనిలో పిల్లోడు

నంద్యాలలో ఏసీలు బాగుచేసే నౌషాద్ ఆ ఆదివారం పొద్దున్నే గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఆళ్లగడ్డ నుంచి అత్త హుస్సేన్‌బీని కారులో తీసుకొచ్చేలోపు అరుపులూ డ్రమ్ముల హోరుతో సాగే ఒక ఇంగ్లీషు హెవీ మెటల్ ఆల్బమ్ మొత్తం ఆపకుండా వినాలి. అందులో పాటలన్నీ కలిసి ఒకే కథ. గని కూలి కొడుకు లోపల చిక్కుకుంటాడు, తండ్రి ఒంటరిగా తవ్వుతూ ఉంటాడు. మధ్యలో ఆపితే కథ తెగిపోతుందని నౌషాద్ నమ్మకం. ఇంట్లో పెట్టినప్పుడల్లా భార్య ఆయేషా సగంలోనే ఆపించేది. పాటల అర్థాలన్నీ వెతికి చదువుకున్నవాడు, చివరి పాటది మాత్రం చదవకుండా దాచుకున్నాడు.

ఆళ్లగడ్డ దాటగానే ఆల్బమ్ పెట్టాడు. హుస్సేన్‌బీ వెనక సీట్లో కునుకు తీస్తోంది. కాసేపటికి పాటలో గని కూలింది. తండ్రి గొంతు చించుకుని అరిచాడు. ఆమె ఉలిక్కిపడి లేచి, ఎవరికేమైందని అడిగింది. నౌషాద్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా సంగతి చెప్పాడు. అంతలో ఆమెకు ఆయేషా ఫోన్ చేసి, ఆ అరుపులేమిటంది.

"ఎవురో పిల్లోని మీద మట్టి కూలిందంట. వాళ్ల నాయన అరుస్తాండాడు," అంది హుస్సేన్‌బీ. అక్కడితో సిగ్నల్ పోయింది.

ఆయేషా వెంటనే ఆ దారిలోనే శిరివెళ్లలో ఉన్న తమ్ముడు ఖాజాకు ఫోన్ చేసింది. ఆమె కంగారు మాటలు విని, కారు దేన్నో గుద్దిందని అతను అనుకున్నాడు. అతను టీ అంగడి దాకా వచ్చేసరికి కారు గుంతలో పడిందనే మాట పుట్టింది. గడ్డపారలతో పదిమంది ఖాజా ట్రాక్టర్ ఎక్కి బయల్దేరారు. ఎదురుగా కారు క్షేమంగా రావడం చూసి, ఖాజా ట్రాక్టర్ అడ్డం పెట్టి ఆపాడు.

"బావా, ముందు ఆ గోల ఆపు."

"ఇంగ రెండే పాటలుండాయి. ఆపను."

ఖాజా కిటికీలోంచి చెయ్యి పెట్టాడు. హుస్సేన్‌బీ ఆ చేతి మీద ఒక్కటేసింది.

"తియ్‌రా చెయ్యి. పిల్లోడు బయటికొచ్చినాడో లేదో తెలియనీ."

నౌషాద్ కథ మొదటి నుంచీ చెప్పాడు. వచ్చినవాళ్లు గడ్డపారలు నేలకు ఆనించి విన్నారు. చివరి పాటలో మాటలే లేవు. రాతిని కొడుతున్నట్టు డ్రమ్ముల దెబ్బలు, ఆ తర్వాత నిశ్శబ్దం. దారి దొరికిందని కొందరు, తండ్రి అలసి పడిపోయాడని కొందరు వాదనకు దిగారు.

అప్పుడే ఆయేషా మళ్లీ తమ్ముడికి ఫోన్ చేసి, అందరూ బాగున్నారా అని అడిగింది. ఖాజా కళ్లు తుడుచుకున్నాడు.

"మనోళ్లంతా బాగుండారక్కా. ఆ పిల్లోడే, గనిలోంచి వచ్చినాడో రాలేదో తెలీడంలే."

ఈసారి ఆయేషా పోలీసులకు ఫోన్ చేసింది.