సబ్బాగీన్ సందులో శాస్త్రీయ కిటికీ

మా సబ్బాగీన్ సందు వాసులు నాగరికులయ్యారు. ఈ సంగతి సరఫరా శాఖవారు పత్రికలకు ఇదివరకే తెలియజేశారు కాబట్టి నేను కొత్తగా ప్రకటించేదేమీ లేదు. ఎలా అయ్యారో మాత్రం చెబుతాను. ఆ పని జరుగుతున్నంత కాలం నేను రొట్టెల వరసలోనే ఉన్నాను.

అంతకు ముందు మేము ఘోరమైన స్థితిలో ఉండేవాళ్ళం. తెల్లవారగానే మాల్లిం బయూమీ రొట్టెల బట్టీ ముందు మూగి, ఒకరి డొక్కలో ఒకరు మోచేతులతో పొడుచుకుంటూ, ఎదుటివాడి నెత్తి మీదుగా చేతులు చాచి రొట్టెలు లాక్కునేవాళ్ళం. రొట్టెలు అందరికీ అందేవి. కాని క్రమశిక్షణ లేకుండా అందేవి. ఏ ప్రభుత్వమైనా ఇలాంటిది ఎంతకాలమని సహిస్తుంది?

అందుకని కైరో నగరమంతా గాలించి మా సందునే ఎంపిక చేసి, డాక్టర్ వగ్దీగారిని పంపారు. ఆయన పరదేశంలో పావురాల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న మహానుభావుడు. వచ్చిన రోజే కుర్చీ ఎక్కి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! పావురం మీకన్నా తెలివి తక్కువది. అయినా మంచిగా ఉంటే గింజ దొరుకుతుందనీ, లేకపోతే దొరకదనీ అది నేర్చుకుంది. మీరు కూడా నేర్చుకోగలరని ప్రభుత్వానికి గట్టి నమ్మకం ఉంది!"

చప్పట్లు మారుమోగాయి. ప్రభుత్వం మమ్మల్ని దేనికన్నా పై మెట్టున నిలబెట్టడం అదే మొదలు.

ఉమ్ షౌకీ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజలు రొట్టెలో పెట్టి బడి దగ్గర బండి మీద అమ్ముతుంది. బడి గంట కొట్టేలోగా రొట్టెలు చేతికొస్తే ఆ పూట ఆమె బేరం సాగుతుంది, మంచాన పడ్డ మొగుడికి మందు వస్తుంది. రాకపోతే కుండెడు గింజలూ మేకల పాలవుతాయి.

"అది సరే గానీ నాయనా, ఆకలితో ఉన్న పావురం ఏం నేర్చుకుందో చెప్పావు. గింజలు నీ గుప్పిట్లో ఎందుకున్నాయో అది అడగలేదా?" అంది.

ఆమెలో పాత అలవాట్లు ఇంకా బలంగా ఉన్నాయని డాక్టరుగారు విచారించారు.

బట్టీకి ఇనుప కిటికీ బిగించారు. దాని తీగ సందు మీదుగా, ఆరేసిన బట్టల మధ్య నుంచి, ఎదుటి కాఫీ కొట్టుకు వెళ్ళింది. అక్కడ డాక్టరుగారు పుదీనా టీ తాగుతూ మీట మీద వేలు పెట్టుకుని కూర్చునేవారు. మేము నిటారుగా నిలబడితే మీట నొక్కుతారు, కిటికీ తెరుచుకుంటుంది, రొట్టెలు వస్తాయి. ఎవరి మోచేయి అయినా కదిలిందా, కిటికీ ధడేల్‌మని పడుతుంది. వారం తిరక్కుండానే సైనికుల్లా తయారయ్యాం. అప్పుడాయన చిరునవ్వు కూడా కావాలన్నారు. ఖాళీ కడుపుతో నవ్వడం మొదట్లో కష్టమే గాని, అలవాటైపోయింది.

ఇంతలో మా ప్రగతి గురించి ఉపన్యసించడానికి ఆయన అలెగ్జాండ్రియా సభకు వెళ్ళవలసి వచ్చింది. మీట ఇతరుల చేతిలో పెట్టడం ప్రమాదకరమని బీరువాలో పెట్టి తాళం వేశారు. బీరువాలో ఎలుక తీగ కొరికింది. కాఫీ కొట్టువాడు ఆ ఎలుకను పట్టి అందరికీ చూపించాడు కూడా. ఆనాటి నుంచి కిటికీ తన ఇష్టం వచ్చినప్పుడు తెరుచుకుని, ఇష్టం వచ్చినప్పుడు మూసుకోవడం మొదలుపెట్టింది.

ఎలుకను మేమంతా చూశాం. అయినా విద్యావంతులు బిగించిన కిటికీ ఎలుక మాట వింటుందంటే ఎలా నమ్మేది? కిటికీ తెరుచుకున్న క్షణంలో రిటైర్డు మాస్టారు ఉస్తాద్ ఫహ్మీ ఎడమ చెవి గోక్కుంటున్నారు. అందరం ఎడమ చెవులు పట్టుకున్నాం. మర్నాడు ఇస్త్రీ హనఫీ చెప్పులో రాయి పడి ఒంటికాలి మీద నిలబడగానే తెరుచుకుంది. అందరం ఒక కాలు ఎత్తాం. ఒకావిడ తుమ్మి, "మంత్రిగారిని దేవుడు చల్లగా చూడాలి" అంది, కిటికీ తెరుచుకుంది; అదీ కలిపాం. ఏది పనిచేస్తోందో తెలియదు కాబట్టి ఏదీ మానలేదు. మానే ధైర్యం ఎవరికుంది?

ఒకనాడు ఉమ్ షౌకీ మడమ బెణికి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడింది. కిటికీ తెరుచుకోలేదు.

"ఏంటి పిన్నీ ఇది? నీ మూలంగా మా పిల్లలు పస్తుండాలా?" అన్నాడు హనఫీ.

"ఒరే, కాలు గుమ్మడికాయలా వాచిందిరా! నిన్ను చంకనేసుకు తిప్పిన దాన్ని, కాస్త చూడరా."

"చట్టం ముందు అందరి కాళ్ళూ సమానమేనమ్మా," అన్నారు ఉస్తాద్ ఫహ్మీ, చెవి వదలకుండా.

రెక్క పట్టుకుని వరస లోంచి లాగేశారు. ఆమె కుంటుకుంటూ పక్క సందులోకి వెళ్ళి, కాసేపటికి నెత్తి మీద రొట్టెల పళ్ళెంతో తిరిగొచ్చింది.

"ఒరే పిచ్చి సన్నాసుల్లారా! బయూమీ బట్టీ వెనక తలుపు బార్లా తెరిచే ఉందిరా! ఎవరైనా వెళ్ళి తెచ్చుకోవచ్చు!"

ఎవరైనా కదిలేవారేమో. సరిగ్గా అప్పుడే కిటికీ తెరుచుకుంది.

ఇక సందేహం ఏముంది? ఆమెను గెంటేశాం, కిటికీ తెరుచుకుంది. డాక్టరుగారు తిరిగొచ్చి, ఒంటికాలి మీద చెవులు పట్టుకుని నవ్వుతూ మంత్రిగారిని దీవిస్తున్న మమ్మల్ని చూసి కళ్ళు ఒత్తుకున్నారు. మీట అవసరం కూడా లేని సమాజం అని పొగిడారు. శిక్షణ లేనివారికి రొట్టె అందడం అన్యాయమని మేమంతా మొరపెట్టుకుంటే వెనక తలుపుకు ఇటుకలు పేర్పించారు. నా గుండె తరుక్కుపోయింది, కాని ఇటుకలు అందించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఉమ్ షౌకీ బండి బడి దగ్గర బోర్లా పడి ఉంది. మొగుడి దగ్గు సందు మొదటి దాకా వినిపిస్తుంది. వరసలోకి వస్తానని ఆమె బతిమాలినా రానివ్వలేదు. ఆమెను గెంటబట్టే కదా కిటికీ తెరుచుకుంది? అయితే ఒకసారి గెంటినవాళ్ళను మళ్ళీ గెంటే వీలు లేదు కాబట్టి రోజుకొక కొత్త మనిషి కావలసి వస్తోంది. నిన్న ఉస్తాద్ ఫహ్మీ వెళ్ళారు.

ఈ ఉదయం కిటికీ ఎంతకూ తెరుచుకోలేదు. తలలన్నీ అటూ ఇటూ తిరిగి, నా మీద ఆగాయి. నా మడమ నేలకు తగిలిందని నాకూ తెలుసు.

"హనఫీ చెవి వదిలేశాడు!" అని అరిచాను.

పాపం, వదల్లేదు. లాక్కుపోయారు. కిటికీ తెరుచుకుంది. రొట్టెలు వేడిగా ఉన్నాయి.

మీరు నన్ను మనసులో తిట్టుకుంటున్నారు, తెలుసు. తిట్టండి. కాని హనఫీ ఖాళీ చేసిన చోటులోకి ఒక అడుగు ముందుకు జరిగింది మీరే కదూ?