ఒంటి తుమ్ము

ఆ ఉదయం నీలకంఠం ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి దువ్వాడలో ఇంటి గడప దాటాలి, పదింటికల్లా అలర్జీ డాక్టరు ముందుండాలి. చేతిమీద సూదితో గుచ్చి, ఒంటికి ఏది పడదో తేల్చేస్తారట. పదేళ్లుగా స్టీలు ప్లాంటు దుమ్ములో పనిచేసినా రాని తుమ్ములు రెండు నెలలుగా ఇంట్లో పట్టుకున్నాయి. పరీక్ష కోసం తుమ్ముల మాత్ర మానేసి వారమైంది. ఇవాళ తప్పితే మళ్లీ నెల తర్వాతే, మళ్లీ వారం మాత్రల్లేకుండా! తలుచుకుంటేనే పాపం ఏడుపొచ్చింది.

చెప్పులేసుకున్నాడు. "హాచ్!"

"ఆగండి బాబూ!" అత్తగారు నూకాలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఒంటి తుమ్ము! తుమ్మినోళ్లు కూకోని మంచినీళ్లు తాగాల."

పెద్దావిడ మాట కాదనలేక కూర్చున్నాడు. అల్లుడి నడుం కోసం రెండు నెలల కిందట ఊరి నుంచి ఆవిడ మోసుకొచ్చిన పాత బూరుగుదూది దిండు కుర్చీలో మెత్తగా ఉంది. నీళ్లు తాగి లేచాడు. "హాచ్!"

"మళ్లీ ఒంటిదే!"

"జంట తుమ్మైతే పర్లేదా అత్తయ్యా?"

"జంటైతే శుభం బాబూ."

నాలుగోసారి గడప దగ్గర కష్టపడి రెండు తుమ్మాడు. హమ్మయ్య అనుకునేలోగా మూడోది వచ్చేసింది. నూకాలు వేళ్లు మడిచి లెక్కపెట్టి, కుర్చీ చూపించింది. తొమ్మిదైంది. బయట ఆటో హారన్ మోగుతూనే ఉంది.

"అమ్మా, ఆ తుమ్ములకే గదా ఆయన డాక్టరు దగ్గరికెల్తన్నారు!" అంది భార్య ఆశాజ్యోతి.

"డాక్టరేటి సేత్తాడే? ఇది దిష్టి" అంటూ నూకాలు గుప్పెడు ఎండుమిరపకాయలు అల్లుడి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి ఆశాజ్యోతి తుమ్మింది, ఆటోవాడు తుమ్మాడు, చివరికి నూకాలే తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

"ఒంటి తుమ్ము అత్తయ్యా! తుమ్మినోళ్లు కూకోవాల" అని నీలకంఠం ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి గ్లాసిచ్చి, ఒక్క దూకులో ఆటో ఎక్కేశాడు.

"మీకు పడనిది దుమ్ము పురుగు" అన్నాడు డాక్టరు, చేతిమీద లేచిన దద్దురు చూపిస్తూ. "కంటికి కనబడదు. పాత దిండ్లలో, బొంతల్లో కాపురముంటుంది. మాత్ర, ముక్కు స్ప్రే రాస్తాను. ముందు అలాంటివి ఇంట్లోంచి పంపించెయ్యండి."

ఇంటికొచ్చి భయపడుతూనే చెప్పాడు. నూకాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా దిండేనా బాబూ మీ పేణం తీసింది? ఇప్పుడే పారేసీండి!"

నీలకంఠం సంబరంగా దిండెత్తి గుండెకి హత్తుకుని గడప దాకా నడిచాడు.

"హాచ్!"

"ఆగండి బాబూ!"

దిండు ప్రయాణం వాయిదా పడింది.