చప్పుడు చేయని లాంచీ

"అక్కా, బ్యాటరీ సగానికి పడిపోయింది!"

లాంచీ ఇంకా నది మధ్యకైనా చేరలేదు. చుక్కాని పట్టుకున్న తమ్ముడు కంగారుగా చెప్పాడు. ఇంజనీరైన అక్క మీటరు మీది అంకె చూసింది. పాత కార్లలోంచి తీసిన బ్యాటరీలను జతకట్టి, డీజిల్ లాంచీ ఖర్చులో సగానికే ఆమె తయారుచేసిన మొదటి లాంచీ ఇది. ఆవలి ఒడ్డు చేరితే ఇలాంటివి పది చేయిస్తానని పడవల కంపెనీ యజమాని మాటిచ్చాడు. చేరకపోతే రేపు వర్క్‌షాపుకు తాళమే. ఆ యజమాని పక్కనే నిలబడి ఉన్నాడు. లాంచీ వెనక కొసన ఆమె భర్త కూర్చున్నాడు.

"ఏమ్మా, ఏదైనా ఇబ్బందా?"

"అబ్బే, లేదు సార్! గాలి బాగా వస్తోందిగా, ఫ్యాన్లు ఆపేద్దామని."

ఫ్యాన్లు ఆగాయి. లైట్లు ఆరాయి. యజమాని ఫోను చార్జరు నుంచి ఊడింది. అంకె మాత్రం పడిపోతూనే ఉంది.

"బరువు తగ్గించాలక్కా," తమ్ముడు గొణిగాడు.

ఆ మాట యజమాని వెంట వచ్చిన మేనేజరు చెవిన పడింది. ఆయన భారీ మనిషి. అందరూ తననే చూస్తున్నారనిపించి గబగబా లైఫ్ జాకెట్ తొడిగాడు. దానిమీద ఇంకొకటి తొడిగాడు.

"నాకు ఈత రాదు! ముందే చెబుతున్నా!"

ఆ కేకలకు దూరంగా ఉన్న చేపల పడవవాళ్లు లాంచీ మునుగుతోందనుకున్నారు. దగ్గరకొచ్చి తాళ్లు విసిరారు. ఒక తాడు యజమాని టోపీని ఎగరగొట్టి నీళ్లలో పడేసింది.

"చౌక సరుకంటే ఇంతే! వెనక్కి తిప్పండి!" అన్నాడు యజమాని.

"తిప్పావో చంపేస్తా! పోనీరా ముందుకే!" ఇంజనీరు తమ్ముడిమీద అరిచింది.

బ్యాటరీ దాదాపు అడుగంటింది. రేవు చేతికందేంత దూరంలో లాంచీ ఠక్కున ఆగింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. అందరూ వెనక్కి పరుగెత్తారు. లంగరు గొలుసు బిగిసి నీళ్లలోకి దిగి ఉంది. దాని పక్కన ఇంజనీరు భర్త చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

నలుగురూ కలిసి లాగితే లంగరు పైకొచ్చింది. దానితోపాటు చిరిగిన వల, విరిగిన తెప్ప ముక్క, బండెడు బురద కూడా వచ్చాయి.

యజమాని నోరు తెరిచాడు. "ఇదంతా ఈడ్చుకుంటూ నది దాటిందా మన చౌక బ్యాటరీ? పది కాదమ్మా, పాతిక చెయ్యి! కానీ లంగరు ఎత్తనిది ఎవరో నాకిప్పుడే తెలియాలి."

"ఇంజను మోగగానే ఎత్తడం నా పని సార్," అన్నాడు భర్త. "డీజిల్ లాంచీలమీద ఇన్నేళ్లూ అదే చేశా. ఇవాళ చెవులు రిక్కించుకునే కూర్చున్నా, మోగితే ఒట్టు! ఒడ్డు కదులుతుంటే ప్రవాహానికి కొట్టుకుపోతున్నామనుకున్నా. లంగరు ఉండటమే మంచిదని ఊరుకున్నా."

"మరి ఇంజను మోగకుండా చేసిందెవరయ్యా?"

భర్త ధైర్యం చేసి వేలు చూపించాడు.

"మా ఆవిడ సార్."